తీగ మొక్కలకు చెక్క ట్రెల్లిస్: మీ చేతులతో మీరే కట్టుకోండి

తీగ నాటిన కొత్తలో జానెడు మొక్కే కదా అని పక్కన ఒక పుల్ల గుచ్చి వదిలేస్తాం. చూస్తుండగానే అది పుల్లను దాటి, పక్క మొక్కల మీద పడి, నేలంతా పాకేస్తుంది. అప్పుడు హడావిడిగా కర్రలు పాతబోతే వేళ్లు తెగుతాయి, లేత కొసలు విరుగుతాయి. అందుకే ముందు ఆధారం నిలబెట్టండి, మొక్క తర్వాత నాటండి.

ఇక్కడ చెప్పబోయేది చాలా మామూలు ట్రెల్లిస్, అంటే తీగ పాకడానికి నిలబెట్టే చట్రం. రెండు గుంజలు, వాటికి అడ్డంగా ఐదు రీపర్లు (సన్నటి చెక్క పట్టీలు), వాటి మీద నిలువుగా మూడు రీపర్లు. నేలపైన 6 అడుగుల ఎత్తు, 3 అడుగుల వెడల్పు. రంపం, డ్రిల్లు పట్టుకోవడం వస్తే చాలు, వడ్రంగం తెలియక్కర్లేదు. కోత, బిగింపు ఒక రోజు పని. పూత ఆరడానికి, గుంజలు పాతడానికి ఇంకొంత టైం పెట్టుకోండి. కొలతలన్నీ ఇస్తాను కానీ అంతకంటే ముందు మీరు తేల్చుకోవాల్సింది ఒకటుంది.

మీ తీగ దేంతో పట్టుకుంటుంది?

చాలామంది ట్రెల్లిస్‌ను ఖాళీగా ఉన్నప్పుడు ఎంత అందంగా కనిపిస్తుందో చూసుకుని కడతారు. ఎక్కాల్సింది మొక్క. దానికి పట్టు దొరక్కపోతే ఎంత చక్కగా చెక్కినా వృథాయే. తీగలన్నీ ఒకేలా ఎక్కవు.

చిక్కుడు, తీగ బచ్చలి, శంఖుపూల తీగ లాంటివి కాండంతోనే చుట్టుకుంటాయి. వీటి లేత కొస గాలిలో మెల్లగా గుండ్రంగా తిరుగుతూ ఆధారం కోసం వెతుకుతుంది. నిలువుగా ఉన్నది ఏది తగిలినా దాని చుట్టూ మెలికలు వేసుకుంటూ పైకి పోతుంది. వీటికి నిలువు రీపర్లు ముఖ్యం, అడ్డ రీపర్లతో పెద్ద పని లేదు. 1½ అంగుళాల రీపరును ఇవి సులువుగానే చుట్టేస్తాయి.

కాకర, బీర, పొట్ల, దోస, బఠాణీ, ద్రాక్ష నులితీగలతో పట్టుకుంటాయి. ఇక్కడే చాలా ట్రెల్లిస్‌లు పనికిరాకుండా పోతాయి. కాకర నులితీగను ఒకసారి దగ్గరగా చూడండి. మొదట అది దారంలా తిన్నగా చాచి ఉంటుంది. సన్నటి పుల్ల తగిలిందంటే కొస కాసేపట్లోనే దాని చుట్టూ వంగుతుంది. పట్టు కుదిరాక మధ్య భాగం స్ప్రింగులా చుట్టుకుని మొక్కను ఆధారం వైపు లాక్కుంటుంది. ఇంకాస్త పరీక్షగా చూస్తే ఆ స్ప్రింగు సగం దూరం ఒక దిశలో, మిగతా సగం ఎదురు దిశలో చుట్టుకుని, రెంటికీ నడుమ చిన్న తిన్నటి ముక్క కనిపిస్తుంది. రెండు కొసలూ కదలకుండా ఉన్న దారం మధ్యలో చుట్టుకోవాలంటే ఇలా దిశ మార్చుకోక తప్పదు. 1865లో చార్లెస్ డార్విన్ తీగల కదలికల మీద రాసినప్పుడు ఈ సంగతిని వివరంగా చర్చించారు. గాలికి తీగ ఊగినా తెగిపోకుండా కాపాడేది ఈ సాగే గుణమే.

అంత సన్నటి నులితీగ వెడల్పాటి రీపరును ఎలా పట్టుకుంటుంది? పెన్సిల్ మందం దాటితే దానికి కష్టమే. కాబట్టి ఇలాంటి మొక్కలకు చెక్క చట్రం బరువు మోయడానికి, మధ్యలో కట్టే పురికొస పట్టు ఇవ్వడానికి. రెండూ కావాలి.

బోగన్‌విల్లా, తీగ గులాబీ నిజానికి ఎక్కవు. పొడవాటి కొమ్మలు వేసి, ముళ్లతో దేన్నో ఒకదాన్ని ఆనుకుంటాయి. వీటిని మనమే కట్టాలి, అడ్డ రీపర్లు బాగా ఉపయోగపడతాయి. మనీ ప్లాంట్, మిరియాల తీగ, తమలపాకు కణుపుల దగ్గర వేళ్లు వేసి అతుక్కుంటాయి. వాటికి జల్లెడ లాంటి ట్రెల్లిస్ కంటే గరుకైన బెరడున్న దుంగే నయం, ఈ పని వాటి కోసం పెట్టుకోవద్దు.

బరువు సంగతి కూడా ఇప్పుడే ఆలోచించండి. చిక్కుడు, కాకర, దోస, శంఖుపూలకు కింది కొలతలు సరిపోతాయి. ద్రాక్ష, బోగన్‌విల్లా ఏళ్ల తరబడి పెరిగి కాండం చెట్టులా లావెక్కుతాయి, వాటికి 4 అంగుళాల చదరపు గుంజలు వేయాలి. కాయ ఒక్కోటి కిలోలు తూగే సొర, గుమ్మడికి నిలువు ట్రెల్లిస్ కంటే తల మీద వేసే పందిరే మేలు.

ఎక్కడ పెట్టాలి

మధ్యాహ్నం వేళ ఒకసారి నిలబడి నీడ ఏ వైపు పడుతుందో చూడండి. ఆకులు కమ్ముకున్న ట్రెల్లిస్ గోడతో సమానం. దాని నీడలో ఎండ కావాల్సిన మొక్కలుంటే అవి పీలగా అయిపోతాయి. తోట మధ్యలో పెట్టేటప్పుడు ఉత్తర-దక్షిణ దిశగా నిలబెడితే ఒక ముఖానికి ఉదయం, రెండో ముఖానికి సాయంత్రం ఎండ తగులుతుంది. తూర్పు-పడమరగా పెడితే ఒక ముఖం ఏడాదిలో ఎక్కువ కాలం నీడలోనే ఉండిపోతుంది. నీడ కోరుకునే ఆకుకూరలు ఉంటే మాత్రం అదే లాభం, ఆ వైపు వాటిని వేసుకోవచ్చు.

గుంతలు తీయబోయే చోట నీటి పైపు, కరెంటు వైరు, మురుగు లైను భూమిలో పోతున్నాయేమో ముందే కనుక్కోండి.

చెక్క ఎంచుకోవడం

కావాల్సినవి ఇవి:

- గుంజలు: 2 × 2 అంగుళాలు, 8 అడుగుల పొడవు, 2
- అడ్డ రీపర్లు: 1½ × ¾ అంగుళం, 3 అడుగుల పొడవు, 5
- నిలువు రీపర్లు: 1½ × ¾ అంగుళం, 66 అంగుళాల పొడవు, 3
- 2 అంగుళాల నంబర్ 8 స్క్రూలు 20, 1¼ అంగుళాల నంబర్ 8 స్క్రూలు 15, పైన నాలుగైదు ఎక్కువే
- కంకర, పురికొస, పైపూతకు నూనె లేదా రంగు

రీపర్లకు లెక్క 31½ అడుగులు వస్తుంది. ముడులున్న చోట కోసి పారేయాల్సి వస్తుంది కాబట్టి 36 అడుగులు తెచ్చుకోండి.

కలప ఎంచేటప్పుడు పేరు కంటే చేవ చూడాలి. ఏ చెట్టుకైనా నడిమి ముదురు భాగమే చేవ, చుట్టూ ఉండే లేత రంగు భాగానికి చెద, బూజు తొందరగా పడతాయి. టేకు మంచిదన్నారు కదా అని టేకు చెట్టు అంచు చెక్క కొంటే అది కూడా ఎక్కువ కాలం నిలవదు. రీపరును కంటి ముందు తుపాకీ పట్టినట్టు పట్టుకుని ఒక కన్ను మూసి పొడవునా చూడండి, వంకర ఉంటే ఇట్టే తెలిసిపోతుంది. కొద్దిగా విల్లులా వంగినది బిగిస్తే సర్దుకుంటుంది. మెలితిరిగినది వద్దు, ఎన్ని స్క్రూలు కొట్టినా అది చట్రాన్ని తన వైపే తిప్పుకుంటుంది. రీపరు సగం వెడల్పు ఉన్న ముడి కనిపిస్తే ఆ ముక్క పక్కన పెట్టేయండి, విరిగేది అక్కడే.

పాత ప్యాకింగ్ చెక్కలు, ప్యాలెట్లు వాడుకోవచ్చు, కానీ వాటి మీది ముద్ర చదవండి. ‘హెచ్‌టీ’ అని ఉంటే చెక్కను లోపలి దాకా 56 డిగ్రీల సెల్సియస్ వేడిలో 30 నిమిషాలు ఉంచారని అర్థం, ఇది పర్వాలేదు. ‘ఎంబీ’ అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ అనే విషవాయువు పట్టించారన్నమాట, దాన్ని తోటలోకి తేవద్దు. ముద్ర లేకపోయినా, నూనె మరకలున్నా వదిలేయండి. పాత రైలు స్లీపర్లకు క్రియోసోట్ అనే విషపూరితమైన తారు నూనె పట్టించి ఉంటుంది. పాత రోజుల్లో ఆర్సెనిక్ కలిసిన రసాయనం ఎక్కించిన ఆకుపచ్చ ఛాయ కలప కూడా కొన్నిచోట్ల దొరుకుతుంది. తినే కాయలు కాసే తీగ దగ్గర ఈ రెండూ వద్దు. వాటిని కాల్చడం కూడా ప్రమాదమే.

స్క్రూలు జింకు పూత ఉన్నవో స్టెయిన్‌లెస్ స్టీలువో తీసుకోండి. మామూలు ఇనుప స్క్రూ వానకు తుప్పు పట్టి చెక్కను నల్లగా చేస్తుంది, తర్వాత తీయబోతే తల ఊడిపోతుంది. మేకులతో కూడా కట్టవచ్చు గానీ నేను వద్దనే చెబుతాను. చెక్క ఎండకు ఎండి, వానకు ఉబ్బుతూ ఉంటే మేకు మెల్లగా పైకి వచ్చేస్తుంది. స్క్రూ అయితే ఒక తిప్పు తిప్పి మళ్లీ బిగించుకోవచ్చు, పాడైన రీపరును మార్చుకోవచ్చు.

కోత, నునుపు, పూత

కోసే ముందు కొలత రెండుసార్లు చూసుకోండి. మూలమట్టం పెట్టి గీత గీసి, గీతకు బయటి వైపున రంపం ఆనించండి. ఐదు అడ్డ రీపర్లలో మొదటిదాన్ని జాగ్రత్తగా కోసి, మిగతా నాలుగింటికీ దాన్నే కొలతగా పెట్టుకోండి. ఒకదానితో ఇంకొకటి, దానితో మరొకటి కొలుచుకుంటూ పోతే గీత మందం చొప్పున తేడా పెరిగిపోతుంది.

శాండ్‌పేపర్‌తో అంచులన్నీ ఒకసారి రుద్దండి. అద్దంలా నునుపు చేయాల్సిన అవసరం లేదు, కాస్త గరుకుంటేనే తీగకు పట్టు దొరుకుతుంది. చేతికి పేళ్లు గుచ్చుకోకుండా ఉంటే చాలు. కోసేటప్పుడు కళ్లద్దాలు, రుద్దేటప్పుడు మాస్కు పెట్టుకోండి.

పూత బిగించక ముందే వేయాలి. చట్రం కట్టాక వేస్తే రీపరు, గుంజ కలిసే చోట రెండు ముఖాల మధ్యకూ బ్రష్షు పోదు. వాన నీరు నిలిచేదీ అక్కడే. ముఖ్యంగా కోసిన కొసల మీద శ్రద్ధ పెట్టండి. చెక్కలో నీళ్లు పొడవునా పారే సన్నటి గొట్టాలుంటాయి, కొసన అవి నోరు తెరుచుకుని ఉంటాయి. అందుకే పక్క ముఖాల కంటే కొసలు నీళ్లను ఎన్నో రెట్లు వేగంగా పీలుస్తాయి. డబ్బాలో కాస్త పూత పోసి ఒక్కో కొసను అందులో ముంచి, పీల్చుకున్నంత పీల్చుకోనివ్వండి.

నూనె వేయాలా, రంగు వేయాలా అన్నది మీరు పెంచే తీగను బట్టి ఉంటుంది. ఏటా పంట తీసేసే కాకర, చిక్కుడు అయితే రెండూ నడుస్తాయి, ఖాళీగా ఉన్నప్పుడు మళ్లీ పూయొచ్చు. ఏళ్ల తరబడి ఉండే తీగ అయితే రంగు వద్దు. రంగు పెచ్చులూడాక గోకి మళ్లీ వేయాలంటే తీగ అంతా కిందికి దించాలి, అది అయ్యే పని కాదు. బయటి కలపకు వాడే నూనె గానీ అవిసె నూనె గానీ పలచగా రెండు సార్లు పట్టించండి. అవిసె నూనెతో ఒక హెచ్చరిక. నూనె తుడిచిన గుడ్డలను ఉండ చుట్టి మూల పడేయొద్దు. నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది, ఆ వేడి బయటికి పోయే దారి లేకపోతే గుడ్డలు వాటంతటవే అంటుకుంటాయి. ఆరుబయట విడివిడిగా పరిచి, పూర్తిగా గట్టిపడ్డాక పారేయండి.

గుంజల కింది 2½ అడుగులకు మరో పూత అదనంగా వేయండి. గుంజ ఎప్పుడూ భూమి ఉపరితలం దగ్గరే కుళ్లుతుంది, పై భాగంలోనో అడుగునో కాదు. కలపలో తేమ 20 శాతం లోపు ఉంటే బూజు బతకలేదు, కాబట్టి గాలికి ఆరే పైభాగం భద్రంగా ఉంటుంది. లోతున తేమ ఉన్నా గాలి తక్కువ. తేమా గాలీ రెండూ సమృద్ధిగా దొరికేది నేల మట్టం దగ్గర ఉన్న ఆ కొద్ది అంగుళాలలోనే. గుంజ కొస కాల్చి నల్లబరిచి పాతడం పాత పద్ధతి. చెక్క ఎండినప్పుడు ఆ బొగ్గు పొర పగులుతుంది, పగుళ్లలోంచి నీరు లోపలికి పోతుంది. దాని ఒక్కదాని మీదే ఆధారపడొద్దు.

చట్రం బిగించడం

రెండు గుంజలనూ పక్కపక్కన ఆనించి, కింది కొసలు సమానంగా ఉండేలా నేల మీద పడుకోబెట్టండి. టేపు కింది కొస దగ్గర పెట్టి, రెండింటి మీదా ఒకేసారి అడ్డంగా గీతలు గీయండి: 24 అంగుళాల దగ్గర ఒకటి, ఇది నేల మట్టం. తర్వాత 32, 47, 62, 77, 92 అంగుళాల దగ్గర. ఈ ఐదు గీతలు అడ్డ రీపర్ల నడిమి గీతలు. ఇలా జంటగా గీస్తేనే రీపర్లు ఒక వైపు ఎక్కువ, ఒక వైపు తక్కువ కాకుండా వస్తాయి. చాలా చట్రాలు వంకరపోయేది గుంజలకు విడివిడిగా గీతలు గీసినందువల్లే.

గుంజలను విడదీసి, బయటి అంచు నుంచి బయటి అంచుకు సరిగ్గా 36 అంగుళాలు ఉండేలా పరచండి. 92 గీత మీద పై రీపరును, 32 గీత మీద కింది రీపరును పెట్టండి. రీపరు కొస గుంజ బయటి అంచుతో సమానంగా ఉండాలి. ప్రస్తుతానికి ఒక్కో కొసకు ఒక్క స్క్రూ మాత్రమే, అదీ కాస్త వదులుగా.

స్క్రూ కొట్టే ముందు తప్పకుండా రంధ్రం వేయాలి. రీపరు కొసన నేరుగా స్క్రూ దించితే చెక్క నిలువునా చీలుతుంది. నంబర్ 8 స్క్రూకు రీపరులో 4.5 మి.మీ. రంధ్రం, గుంజలో 2.5 నుంచి 3 మి.మీ. రంధ్రం వేయండి. గుంజ కలప గట్టిదైతే 3, మెత్తదైతే 2.5. రీపరులో రంధ్రం పెద్దది ఎందుకంటే స్క్రూ అక్కడ జారుతూ పోయి, గుంజలో మాత్రమే కరవాలి. అప్పుడే తల రీపరును గుంజకు అదిమి పడుతుంది. రెండింట్లోనూ మర బిగిస్తే మధ్యలో సందు ఉండిపోతుంది.

ఇప్పుడు మూలలు చూడాలి. వెడల్పు 3 అడుగులు పెట్టడంలో ఒక సౌకర్యం ఉంది: 3-4-5 లెక్క, అంటే మూడు భుజాలు 3, 4, 5 పాళ్లలో ఉంటే మూల సరిగ్గా లంబకోణం అవుతుందన్న లెక్క, నేరుగా పనికొస్తుంది. ఎడమ గుంజ పై కొస బయటి మూల నుంచి కిందికి 48 అంగుళాల దగ్గర బయటి అంచున గుర్తు పెట్టండి. కుడి గుంజ పై కొస బయటి మూల నుంచి ఆ గుర్తుకు ఏటవాలుగా కొలిస్తే సరిగ్గా 60 అంగుళాలు రావాలి. ఎక్కువ వచ్చినా తక్కువ వచ్చినా చట్రం ఏదో ఒక పక్కకు ఒరిగిందన్నమాట. గుంజను మెల్లగా జరిపి సరిచేయండి. ఇంకో పరీక్ష కూడా చేయండి: పై మూల నుంచి ఎదురు గుంజ కింది మూలకు రెండు వైపులా కొలిస్తే రెండూ సమానంగా, సుమారు 102½ అంగుళాలు రావాలి. రెండూ కుదిరాక ఆ నాలుగు స్క్రూలూ గట్టిగా బిగించండి.

మిగతా మూడు అడ్డ రీపర్లకు టేపు పట్టుకోనక్కర్లేదు. మిగిలిన చెక్కలోంచి 13½ అంగుళాల ముక్క ఒకటి కోసుకోండి. రెండు రీపర్ల మధ్య ఖాళీ అంతే ఉండాలి. కింది రీపరు మీద ఆ ముక్కను ఆనించి, దాని పైన రీపరు పెట్టి, గుంజ మీది గీతతో సరిచూసి బిగించుకుంటూ పోండి. అన్నీ అయ్యాక ప్రతి కొసకూ రెండో స్క్రూ వేయండి, మొదటిదానికి ఏటవాలుగా. రెండూ ఒకే వరుసలో ఉంటే చెక్క ఆ గీత వెంట చీలుతుంది. ఒక్కటే ఉంటే చట్రం ఆ స్క్రూ చుట్టూ తిరిగి పక్కకు ఒరుగుతుంది.

నిలువు రీపర్లు సులువు. పై రీపరు మీద, కింది రీపరు మీద బయటి అంచు నుంచి 9, 18, 27 అంగుళాల దగ్గర గుర్తులు పెట్టి, నిలువు రీపర్లను ఆ గుర్తుల మీద పరచండి. పైనా కిందా నడిమి గీత నుంచి 3 అంగుళాలు బయటికి ఉంటాయి. కలిసే ప్రతి చోటా ఒక్కో 1¼ అంగుళాల స్క్రూ చాలు. రెండు రీపర్ల మందం కలిపి 1½ అంగుళం కాబట్టి మొన వెనక నుంచి బయటికి రాదు. స్క్రూ తలను చెక్క మట్టానికి ఆపండి. లోపలికి దిగిపోయేలా బిగిస్తే ఆ గుంటలో నీరు నిలుస్తుంది.

నిలువు రీపరు అడుగు కొస నేలకు 5 అంగుళాల ఎత్తున ఉంటుంది. అది పొరపాటున మిగిలిన ఖాళీ కాదు. నేలను తాకిన రీపరు తడి పీల్చుకుని ముందు కుళ్లుతుంది, చెదకు మెట్టుగా కూడా మారుతుంది.

పాతడం

ఆకులు కమ్మిన ట్రెల్లిస్ మీద గాలి ఎంత బలంగా తోస్తుందో ఖాళీ చట్రాన్ని చూసి ఊహించలేం. 6 అడుగుల ఎత్తు, 3 అడుగుల వెడల్పు అంటే 18 చదరపు అడుగులు. గంటకు 60 కిలోమీటర్ల గాలి దాని మీద నిండుగా తగిలితే సుమారు 30 కిలోల బరువుతో తోసినంత ఒత్తిడి. గాలి వేగం రెట్టింపైతే ఒత్తిడి నాలుగింతలు. గుంజ పొడవులో కనీసం నాలుగో వంతు భూమిలో ఉండాలని చెప్పేది ఇందుకే. మన 8 అడుగుల గుంజకు 2 అడుగులు. ఇసుక నేలైనా, గాలి ఎక్కువ తగిలే చోటైనా ఇంకో అర అడుగు పొడవున్న గుంజ తీసుకుని 2½ అడుగులు పాతండి. అప్పుడు గీతలన్నింటికీ 6 అంగుళాలు కలుపుకోండి.

గుంతల నడుమల మధ్య దూరం 34 అంగుళాలు. ఒక్కో గుంత 8 నుంచి 10 అంగుళాల వెడల్పు, 28 అంగుళాల లోతు. గునపంతో నిలువుగా తవ్వండి, పైన వెడల్పై కింద ఇరుకైన గుంతలో గుంజ నిలవదు. అడుగున 4 అంగుళాల కంకర పోసి కుదించండి, గుంజ కొస దగ్గర నీరు నిలవకుండా ఇంకిపోతుంది. చట్రం ఎత్తి గుంతల్లో దించడానికి ఇద్దరు కావాలి. 24 అంగుళాల గీత నేల మట్టానికి వచ్చిందో లేదో చూసి, అడ్డ రీపరు మీద రసమట్టం పెట్టండి. ఒక వైపు ఎత్తుగా ఉంటే ఆ గుంతలోంచి కాస్త కంకర తీయండి. గుంజ నిలువును రెండు ముఖాల మీదా చూడాలి, ఎదుటి నుంచి ఒకసారి, పక్క నుంచి ఒకసారి. రసమట్టం లేకపోతే దారానికి రాయి కట్టి వేలాడదీసి చూసుకోవచ్చు.

తర్వాత మట్టి. గుంత నిండా ఒకేసారి పోసి పైన తొక్కితే పైపైనే గట్టిపడుతుంది. 6 అంగుళాలు పోసి గునపం మొద్దు కొసతో చుట్టూ దిమ్మిస కొట్టండి, మళ్లీ 6 అంగుళాలు, మళ్లీ కొట్టండి. ప్రతి పొరకూ నిలువు సరిచూసుకోండి. చివర్లో గుంజ చుట్టూ మట్టిని కాస్త గుట్టలా చేసి నీరు బయటికి జారేలా వాలు ఇవ్వండి.

కాంక్రీటు వేయాలా? ఈ సైజుకు అవసరం లేదు. బాగా దిమ్మిస కొట్టిన మట్టి చాలు, పైగా గుంజ పాడైనప్పుడు మార్చుకోవడం తేలిక. బరువైన తీగ కోసం వేస్తే మాత్రం గుంజ అడుగును కాంక్రీటులో మూసేయకండి, కంకర మీద ఆననివ్వండి. పైన కాంక్రీటు నేల కంటే కొంచెం ఎత్తుగా, నాలుగు వైపులా వాలుగా ఉండాలి. లేదంటే గుంజ చుట్టూ గిన్నెలా నీరు పట్టి కూర్చుంటుంది.

గోడకు ఆనించి పెట్టాలనుకుంటే ఈ గుంజలు అక్కర్లేదు. అవే రీపర్ల చట్రాన్ని 1½ అంగుళాల చదరపు పట్టీలకు బిగించి, వెనక 2 నుంచి 3 అంగుళాల మందం చెక్క దిమ్మలు పెట్టి గోడకు తగిలించండి. ఆ సందు లేకపోతే తీగకు వెనక్కి తిరిగే చోటుండదు, గాలి ఆడక ఆకులకు బూజు తెగులు, గోడకు చెమ్మ వస్తాయి. శాశ్వతంగా స్క్రూలతో బిగించడం కంటే గట్టి కొక్కేలకు తగిలిస్తే గోడకు సున్నమో రంగో వేయాల్సినప్పుడు తీగతో సహా కిందికి వాల్చవచ్చు.

తీగ ఎక్కించడం

మొక్కను ట్రెల్లిస్ మొదట్లోనే నాటకుండా 6 నుంచి 8 అంగుళాల దూరంలో నాటండి. గోడ పక్కనైతే ఒక అడుగు దూరం ఇవ్వండి, గోడ మొదట్లో వాన నీరు సరిగా పడదు. చిన్న పుల్ల ఒకటి ఏటవాలుగా గుచ్చి కింది రీపరుకు ఆనిస్తే తీగ దాని మీదుగా ఎక్కుతుంది.

నులితీగల మొక్కలైతే ఇప్పుడు పురికొస కట్టాలి. నిలువు రీపర్ల మధ్య సందుల్లో, ఒక్కో సందుకు ఒక్కో వరుస చొప్పున పై రీపరు నుంచి కింది రీపరుకు లాగి కట్టండి. దారిలో తగిలే ప్రతి అడ్డ రీపరుకూ ఒక చుట్టు చుట్టి పోతే వదులు కాదు. తర్వాత అడ్డ రీపర్ల నడుమ అడ్డంగా ఒక్కో వరుస. నైలాన్ తాడు గట్టిదే, అయినా నేను జనపనారనే ఎంచుకుంటాను. పంట అయిపోయాక తీగలను దారం నుంచి విడదీసే పని ఉండదు, దారంతో సహా కోసి ఎరువు గుంటలో వేసేయొచ్చు.

చిక్కుడు, బీన్స్ లాంటి చుట్టుకునే తీగను మీ చేత్తో రీపరుకు చుట్టేటప్పుడు దాని దిశ గమనించండి. బీన్స్ పై నుంచి చూస్తే గడియారం ముల్లుకు ఎదురుగా తిరుగుతూ ఎక్కుతాయి. ఎదురు దిశలో చుట్టి పెడితే అవి ఆ మెలిక విప్పుకుని మళ్లీ తమ దారినే పోతాయి, ఆ లాగులాటలో లేత కొస విరగొచ్చు. కొస ఇప్పటికే ఎటు వంగి ఉందో అటే సాయం చేయండి.

కట్టాల్సి వచ్చిన చోట మెత్తటి గుడ్డ పీలిక వాడండి. రీపరు చుట్టూ ఒక చుట్టు, మధ్యలో ఒక మెలిక, కాండం చుట్టూ ఇంకో చుట్టు, అంటే ఎనిమిది అంకె ఆకారంలో. మధ్యలో మెలిక ఉంటే కాండం చెక్కకు రాసుకోదు. కాండం చుట్టూ చిటికెన వేలు దూరేంత వదులు వదలండి. సన్నటి ఇనుప తీగతో బిగించి కడితే కాండం లావయ్యేకొద్దీ అది లోపలికి కోసుకుపోతుంది.

గులాబీ, బోగన్‌విల్లా కొమ్మలను మాత్రం నిటారుగా పైకి లాగి కట్టొద్దు. కొమ్మ నిలువుగా ఉన్నప్పుడు కొస మొగ్గ కింది మొగ్గలను ఎదగనివ్వదు, పూలన్నీ పైనే పూస్తాయి, కింద బోసిగా ఉంటుంది. అదే కొమ్మను వంచి అడ్డ రీపరు వెంట పరిచి కడితే పొడవునా పక్క మొగ్గలు లేస్తాయి. ఒక కొమ్మను కుడికి, ఇంకో కొమ్మను ఎడమకు విసనకర్రలా పరుచుకుంటూ పోండి. ముదిరిన కొమ్మ వంగదు, విరుగుతుంది, కాబట్టి ఇంకా ఆకుపచ్చగా ఉన్నప్పుడే వంచాలి.

ఏటా చూసుకోవాల్సినవి

పంట అయిపోయాక పచ్చి తీగను లాగితే రీపర్లు ఊడి వస్తాయి. మొదట్లో కోసి అలాగే వదిలేయండి. ఆకులు ఎండి నులితీగలు పెళుసెక్కాక చేత్తో దులిపితే రాలిపోతాయి. ఆ ఖాళీ చట్రాన్ని రెండు చేతులతో పట్టి ఊపండి. ఎక్కడ కదులుతుందో అక్కడ స్క్రూ బిగించండి. స్క్రూ రంధ్రం వదులై తిరుగుతూనే ఉంటే, ఆ రంధ్రంలో సన్నటి వెదురు పుల్లను చెక్క జిగురుతో కొట్టి, ఆరాక కొత్తగా రంధ్రం వేసి బిగిస్తే మళ్లీ పట్టు వస్తుంది.

నేల మట్టం దగ్గర గుంజ చుట్టూ 2 అంగుళాల మేర మట్టి తీసి, స్క్రూడ్రైవరు మొనతో గుచ్చి చూడండి. గట్టిగా తగిలితే మట్టి కప్పేయండి. మొన మెత్తగా లోపలికి దిగిందంటే కుళ్లు మొదలైంది. చట్రమంతా పీకక్కర్లేదు. ఆ గుంజ పక్కనే 4 అడుగుల కొత్త ముక్కను 2 అడుగులు లోతుకు పాతి, నేలపైన పాత గుంజకు ఆనించి రెండు బోల్టులతో, వాషర్లు వేసి బిగించండి. మట్టి గీతలు పాత గుంజ మీదకు పాకుతుంటే చెద దారి వేసుకున్నట్టు. వాటిని గోకేసి, అవి ఏ వైపు నుంచి వస్తున్నాయో వెతికి, కొత్త ముక్కను దానికి ఎదుటి వైపున పాతండి.